పన్ను నిలుపుటయా, పెఱికించుటయా?



పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైననేమి యని మన పెద్దలొక సామెత చెప్పుదురు. పన్ననగా మన భాషలో రెండర్థములు గలవు. ఒకటి నోటిలో నుండునది, రెండవది సర్కారువారికి చెల్లింపవలసినది. రెండింటి విషయమునను జనుల కోరిక యొకటియే: ఎట్లో వదలిపోయిన చాలునని. నేనీ సాయంకాలము మాటలాడబోవునది మొదటి పన్నును గూర్చి. నొచ్చిన పన్నును బాగుచేయించి నిలుపుకొందుమా, పెఱికించి పాఱవేయుదుమా యను తీర్మానమును మనుష్యుడెట్లు చేయును, ఆ తీర్మానము వెనుక నెన్ని తరముల చరిత్ర యున్నది యనునదే నా ప్రసంగవిషయము. నేను దంతవైద్యుడను కాను. చరిత్ర చదువుకొన్నవాడను, విశాఖపట్టణమున పుట్టి పెరిగినవాడను, పంటినొప్పి యెఱిగినవాడను. ఈ మూడవ యర్హతయే ముఖ్యమని తలచుచున్నాను.

గత సంవత్సరము మార్చి నెలలో నా యెడమ దవడపన్ను సలుపుచుండగా నగరములోని యొక దంతవైద్యశాలకు పోయి, గుమ్మమునొద్ద బల్లమీద నా వంతుకై కూర్చుంటిని. నాకు ముందు కుర్చీ యెక్కినది చేపలమ్ముకొను నొక ముసలమ్మ. అఱువదేండ్లు దాటియుండును. గంప బయటనే దించి వచ్చినది. వైద్యురాలు చిన్న వయసుది. నోరు చూచి, ఎక్స్‌రే తీసి, నెమ్మదిగా చెప్పినది.

"మామ్మా, మీ పన్ను గట్టిగానే ఉంది. పీకక్కర్లేదు. మూడుసార్లు వస్తే బాగుచేసేస్తాను. డబ్బు సంగతి నేను చూసుకుంటాలెండి, సగమిస్తే చాలు."

"పీకియ్యి తల్లీ. మూడుసార్లు తిరగనేను నాను. పన్నెట్టుకొని నానేటి సేసుకుంతాను?"

నేను మనసులో నవ్వుకొంటిని. చేతికందిన మేలును కాలదన్నుకొను నీ యజ్ఞానమునకు మందెక్కడ నున్నదని తలచితిని. అట్లు తలచిన మఱుక్షణముననే నా తల్లి జ్ఞాపకమునకు వచ్చినది. నవ్వు నిలిచిపోయినది.

మా అమ్మ నలుబదియైదేండ్లు నిండకమునుపే క్రింది దవడపండ్లు నాలుగింటిని పెఱికించుకొన్నది. నొచ్చినది, తీయించినది, మఱచినది. కాని పై పన్నొకటి పిప్పియై, చెంప వాచి, రాత్రులెల్ల గోడకు తల యానించి కూర్చుండవలసివచ్చినను దానిని మాత్రము ముట్టనియ్యలేదు. పైపన్ను తీసిన కన్ను పోవునని యామె నమ్మకము. మేము పిల్లలము పరిహాసము చేసెడివారము. ఆ మాట యెక్కడనుండి వచ్చినదో నాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

అది వచ్చినది సుశ్రుతసంహితనుండి. ఆ గ్రంథమున చికిత్సాస్థానములో ముఖరోగముల చికిత్స చెప్పు నధ్యాయము కలదు. అందు క్రిమిదంతమను రోగమునకు, అనగా మన పిప్పిపంటికి, రెండు మార్గములు చెప్పబడినవి. పన్ను కదలక గట్టిగా నున్నచో కాపడము, రక్తము తీయుట, పుక్కిలింపులు, లేపనములు. కదలుచున్నచో పెఱికి ఆ తావును కాల్చుట. నిలుపదగినదేది, తీయదగినదేది యను విచారణ మన వైద్యమున నెంత పూర్వముననే యున్నదో చూడుడు. దాని తరువాతనే యొక హెచ్చరిక కలదు. పై పన్ను కదలుచున్నను వైద్యుడు దానిని పెఱుకరాదు; రక్తము మితిమీఱి స్రవించి, కన్ను పోవుట, మూతి వంకరపోవుట మొదలగు నుపద్రవములు కలుగునని దాని భావము. రక్తమును నిలుపు సాధనములు కొఱవడిన కాలమున నది యొక జాగ్రత్తగల వైద్యుని మాట. సాధనములు వచ్చినవి, కాలము మాఱినది, మాట మాత్రము మిగిలినది. వ్రాసినవాని పేరు పోయి, కారణము పోయి, భయమొక్కటి మా అమ్మవఱకు నడచి వచ్చినది. నేటి వైద్యులు చెప్పునది విన్నచో దీని వింత యింకను స్పష్టమగును. పైపన్ను తీయుటవలన కన్ను పోదు. పై దవడపంటి చీము తీయకయే నిలువనిచ్చిన యెడల నది పైకి ప్రాకి, అరుదుగనే యైనను, కంటిగూటిని ముట్టడించును. మా అమ్మ దేనికి భయపడెనో దానినే చెంపలో పెట్టుకొని కూర్చుండెను.

మనవారికి పంటిపై మమకారము లేదనరాదు. విశాఖకు ఉత్తరమున, శ్రీకాకుళము జిల్లాలో, దంతవరపుకోట యను నొక మట్టికోట శిథిలములున్నవి. బుద్ధుని దంతమునకు కళింగరాజులు గుడి కట్టి పూజించిన దంతపురమిదియే యని కొందఱు చరిత్రకారుల యభిప్రాయము. పూరీయే దంతపురమనువారును కలరు. ఆ దంతముకొఱకు యుద్ధము రాగా, రాకుమార్తె దానిని జడలో దాచుకొని సింహళమునకు చేర్చినదని బౌద్ధుల కథ. చిన్నతనమున మనమందఱమును ఊడిన పాలపంటిని పేడముద్దలో పెట్టి యింటికప్పుపైకి విసరినవారమే. ఊడిన పంటికి మర్యాద చేయుదుము. ఉన్న పంటికి మాత్రము వేపపుల్ల చాలునందుము.

పంటిలో పురుగున్నదను నమ్మకము మనకు మాత్రమే చెందినది కాదు. బాబిలోనియావారు, చీనావారు, యూరపువారు నెల్లరును నమ్మినదే. మన పల్లెలలో వాకుడుకాయ గింజల పొగ పట్టించి, నోటినుండి రాలిన తునకలను చూపి, ఇవిగో పురుగులనెడివారు. 1728లో ఫ్రాన్సు దేశమున పియేర్ ఫోషార్ అను శస్త్రవైద్యుడు దంతవైద్యముపై పెద్దగ్రంథము ప్రకటించి, తాను పిప్పిపండ్లను పరీక్షించినను పురుగు కానరాలేదని వ్రాసెను. 1890లో మిల్లర్ అను నాతడు, నోటిలోని సూక్ష్మజీవులు తీపిపదార్థములనుండి పుట్టించు నామ్లమే పంటిని తినివేయునని స్థాపించెను. ఇది పండితుల వాదమని త్రోసివేయకుడు. పురుగున్నదని నమ్మినవాడు పన్నునెట్లు నిలుపుకొనును? ఒక పంటినుండి ప్రక్కపంటికి ప్రాకకమునుపే తీయించి పాఱవేయుట యాతని దృష్టిలో మిగిలినవానిని కాపాడుకొనుటయే. పెఱికించువాడు పండ్లను లెక్కసేయనివాడని మనమనుకొందుము. ఆతడు తన లెక్క తాను చేసియే వచ్చియుండును.

ఇక పడమటిదేశములవైపు చూతము. అక్కడివారు విద్యావంతులగుటచే పండ్లు నిలుపుకొనిరనియు, మనము పేదలమగుటచే పెఱికించుకొంటిమనియు చాలమంది తలంపు. చరిత్ర వేఱుగా చెప్పుచున్నది.

1844 డిసెంబరు 11వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నవ్వించు వాయువును పీల్చి, తన పన్నునే తోటివానిచే తీయించుకొనెను. నొప్పి తెలియలేదు. 1846లో మార్టన్ ఈథరును లోకమునకు చూపెను. నొప్పి లేకుండ పన్ను తీయుట సాధ్యమైన తరువాత జనులు తీరికగా పండ్లు బాగుచేయించుకొనిరని మనమూహింతుము. జరిగినది తలక్రిందులు. తీయించుకొనుటకు అంతవఱకు అడ్డుపడిన భయమే తొలగినది. సరిగా నాకాలముననే గుడియర్ కనిపెట్టిన గట్టిరబ్బరుతో కట్టుడుపండ్లు చౌకగా తయారగుటకు మొదలిడెను. ఇంతకుముందు ఏనుగుదంతముతోను బంగారముతోను ధనికులకు మాత్రమే చేయబడుచుండినవి సామాన్యులకును దొరకినవి. నొప్పి లేదు, ధర తక్కువ. ఇక నిలుపుకొనుటకు కారణమేమి?

దీనికి తోడు 1910లో విలియం హంటర్ అను బ్రిటిషు వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున నొక యుపన్యాసమిచ్చెను. చీముపట్టిన పండ్లమీద బంగారు తొడుగులు వేయుట దేహమంతటికిని విషము నింపుట యని యాతని యారోపణ. కీళ్ళనొప్పులు, రక్తహీనత, జీర్ణకోశవ్యాధులు మున్నగునవన్నియు పండ్లనుండియే పుట్టుచున్నవని యొక సిద్ధాంతము దానినుండి పెరిగినది. ఆపై ముప్పది నలుబదేండ్లు వైద్యులే, మంచి వైద్యులే, నోటినిండ నున్న పండ్లను వరుసగా తీయించిరి. కీళ్ళనొప్పులు తగ్గలేదు. 1930 తరువాత పరిశోధనలు ప్రతికూలముగా రాగా ఆ సిద్ధాంతము మెల్లగా వాడిపోయినది. అది సజీవముగా నుండిన కాలముననే మన విశాఖలో 1923లో కింగ్ జార్జి ఆసుపత్రియు వైద్యకళాశాలయు వెలసినవి. ఇంగ్లండులో అచ్చుపడిన గ్రంథములే మన వైద్యులకును పాఠ్యగ్రంథములు. కావున పిప్పిపన్నును తీసివేయుమని యానాడు చదువుకొన్న వైద్యుడు చెప్పియున్నచో ఆతడు వెనుకబడినవాడు కాడు. తన కాలమునకు సరియైనవాడు.

ఇంగ్లండు కథ ముగింపు వినదగినది. 1948 జూలై 5వ తేదీన ఆ దేశమున జాతీయ వైద్యసేవ మొదలైనది. కట్టుడుపండ్లు ఉచితమనగానే జనులెగబడిరి. ఖర్చు భరింపలేక 1951లో ప్రభుత్వము కట్టుడుపండ్లకును కళ్ళజోళ్ళకును రుసుము విధింపగా, ఆ సేవను స్థాపించిన మంత్రి అన్యూరిన్ బెవన్ పదవికి రాజీనామా ఇచ్చెను. కట్టుడుపండ్లు ఒక మంత్రి పదవికి ముప్పు తెచ్చినవి. 1968లో జరిపిన లెక్కలలో ఇంగ్లండు, వేల్సులలోని పెద్దవారిలో నూటికి 37 మందికి సొంతపన్ను ఒక్కటియు లేదు. 2009 నాటికి అది నూటికి 6కు తగ్గినది. ఆ నలుబదేండ్లలో ఆ దేశీయుల పండ్లజాతి మాఱలేదు. ఫ్లోరైడు పేస్టు వచ్చినది, నిలుపుట నేర్చిన వైద్యులు పెరిగిరి, పండ్లు పోవుట ముసలితనపు సహజధర్మమను తలంపు పోయినది. ఈ మూడింటిలో చివరిదే కడు నెమ్మదిగా కదలినదని నా యూహ.

మరల మన పట్టణమునకు వత్తము. 1927లో రేవు పని ముమ్మరమైనది. 1933 డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డను ప్రభువు దానిని ప్రారంభించెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలనుండి కూలీలు వచ్చి ఓడలలోనికి మాంగనీసు రాయి మోసిరి. వారిలో నొకనికి పంటిపోటు వచ్చినదనుకొనుడు. ఆతని యెదుట ఏ దారులుండినవి? మనదేశమున తొలి దంతవైద్యకళాశాలను రఫీయుద్దీన్ అహమ్మదుగారు కలకత్తాలో 1920లో స్థాపించిరి. మద్రాసులో అట్టి విద్య 1953లో గాని మొదలు కాలేదు, హైదరాబాదులో 1959లో. అనగా రేవు తెఱచిన నాటికి మద్రాసు రాజధాని మొత్తములో పన్ను నిలుపు విద్య నేర్పు బడి యొక్కటియు లేదు. తీయుటకు పటకారున్న చేయి చాలును. నిలుపుటకు చదువు, యంత్రము, ఓపిక, నాలుగు దినములు కావలెను. ఆ కూలీ పెఱికించుకొనుటను కోరెనని మనమనరాదు. కోరుటకు రెండవది యుండవలెను గదా.

పటకారున్న చేయి మాత్రము వీధివీధికి నుండెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినపుడు పట్టమున్నవారిని ఒక పట్టికలోను, పట్టము లేకున్నను ఐదేండ్లకు తక్కువ గాకుండ అదే జీవనముగా నున్నవారిని వేఱొక పట్టికలోను చేర్చుకొనవలసివచ్చినది. చట్టము చేసినవారికి తెలియును, వారిని తీసివేసిన దేశమునకు పండ్లు చూచువాడే మిగులడని. మా అమ్మ పండ్లను తీసినది అట్టి యొకాయనయే. సంతకు దగ్గఱ చిన్న గది. కిటికీలో నొక గాజుసీసా, దానినిండ పెఱికిన పండ్లు. ఎన్ని పండ్లున్న అంత నేర్పరియని జనుల నమ్మకము. నిలిపిన పండ్లను సీసాలో పోసి చూపుట యేరికిని సాధ్యము కాదు. పన్ను నిలుపు వైద్యునకు ఈ లోపము నేటికిని కలదు; వాని విజయము ఇతరుల నోళ్ళలో కనబడకుండ నుండును.

ఉత్తరాంధ్రలో చూడదగిన మఱియొక సంగతి చెప్పవలెను. చుట్టను వెలుగుచున్న కొస నోటిలోనికి పెట్టుకొని త్రాగుటను అడ్డపొగ యందురు. సముద్రపు గాలికిని నీటికిని చుట్ట ఆఱకుండుటకై పుట్టినదని చెప్పుదురు. మా వీధి ముసలమ్మలు నిప్పు లోపల పెట్టుకొనియే మాటలాడుట నేను చూచితిని. 1971లో ప్రకటితమైన యొక పరిశోధనలో పిండ్‌బోర్గు మొదలగువారు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్ళను పరీక్షించి, ఈ యలవాటు అంగిలిలో కలిగించు మార్పులను వర్ణించిరి. అంగిలి కాన్సరునకు ఇది దారి తీయును. పండ్ల విషయమున దీని కీడు వేఱు. పొగాకు పంటిపోటును మొద్దుపఱచునని ఈ ప్రాంతపు స్త్రీల నమ్మకము. నొప్పి కొంత యణగును. అణగినంతకాలము ఎవరును వైద్యునికడకు పోరు. ఇక యణగనని మొండికెత్తిన నాడు పోవుదురు. ఆనాటికి నిలుపుటకు పంటిలో నేమియు మిగులదు. లవంగనూనెయు అంతే, అంగడిలో నడిగి తెచ్చుకొను నొప్పిమాత్రయు అంతే. పెఱికించుటకు చేసిన తీర్మానము కుర్చీలో జరుగలేదు, రెండేండ్లకు ముందే పొగలో జరిగినది.

తరువాత ఉక్కు వచ్చినది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కను కేక తెలుగునాట నంతటను మ్రోగినది. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతి కంకితము చేసిరి. రేవు, రైల్వే, నౌకానిర్మాణము, ఉక్కు, వీనిలో స్థిరమైన కొలువున్నవారికి సంస్థల వైద్యసదుపాయము కలిగినది. 1990 దశాబ్దపు చివర రుషికొండలో దంతవైద్యకళాశాలయు వెలసినది. అప్పటినుండి నగరము పండ్ల విషయమున రెండు నగరములైనది. కొలువున్నవాడు పన్ను నొచ్చిన సెలవు పెట్టును, సెలవునకు జీతముండును. బిల్లు సంస్థకు పోవును. వానితో సమానమైన పన్ను గల దినకూలీకి, ఆటో తోలువానికి, గంప మోయు స్త్రీకి వైద్యము ఉచితమైనను దినము ఉచితము కాదు. ధర యనగా మనము వైద్యుడు తీసికొను సొమ్మునే యనుకొందుము. పెఱికించుట యొకసారి, నిలుపుట మూడుసార్లు. ప్రతిసారియు పోయిన కూలి, బస్సుచార్జి, తోడు వచ్చినవాని కూలి. ఆ లెక్క వ్రాసినచో సగము రుసుము తగ్గించిన వైద్యురాలి దయ దానిలో చిన్న యంకె యగును.

నేను మొదటి నగరమునకు చెందినవాడను. నేను కొలువు చేసిన సంస్థ వైద్యవ్యయమును భరించెడిది. 1986లో నా యెడమ దవడపన్నునకు రూట్ కెనాల్ చేయించుకొంటిని. దానిని గూర్చి తెలియనివారికి రెండు మాటలు. పంటి నడుమ సన్నని గొట్టములవంటి దారులుండును, వానిలో నరమును రక్తనాళములును ఉండును. అది కుళ్ళినపుడు సన్నని యాకురాళ్ళతో నా దారులను శుభ్రపఱచి, గట్టా పెర్చా యను జిగురుతో నింపుదురు. అది మలయాదేశపు చెట్టుపాలు. ఒకప్పుడు సముద్రము క్రింద పఱచిన తంతితీగలకు తొడుగుగా వాడినది. అమెరికాలో మేనార్డు అనునాతడు 1838లో గడియారపు స్ప్రింగును సానబట్టి తొలి యాకురాయిని చేసెనందురు. నరము పోయినను పన్ను ఎముకలో నిలిచి నమలును. కాని లోపల తొలిచిన పన్ను పెళుసుగ నుండును గనుక పైన క్యాపు వేయవలెను. నేను నొప్పి పోయినదిగదా యని క్యాపునకు మరల పోలేదు. సెలవున్నది, సంస్థ సొమ్మున్నది, అజ్ఞానము లేదు. సోమరితనమొకటి యుండెను.

పేదఱికము, భయము, దూరము, కాలము, వీనితో తీర్మానము ముగియదు. కనబడు పన్నునకు ఒక న్యాయము, కనబడని పన్నునకు మఱియొకటి. పెండ్లికి రావలసిన పిల్ల ముందుపన్నుకై తండ్రి అప్పు తెచ్చును. ఆ తండ్రియే భార్య దవడపన్నునకు తీయించుకొమ్మనును; ఆమెయు సరేననును. ఇంటిలో అందఱి పండ్లను చూపించిన పిమ్మట చివర మిగులునవి తల్లి పండ్లు. ప్రక్కింటివాడు రూట్ కెనాల్ చేయించుకొని నెల తిరుగకుండ మరల నొప్పి వచ్చినదనిన యొక్క మాట వైద్యుని పది మాటలను కొట్టివేయును. వైద్యుని నోటిమాటకును బలము కలదు. నిలుపవచ్చు నని మొదలిడిన వైద్యునికడ నిలుపుకొనువారు, తీసివేయుదునా యని యడిగినవానికడ తీయించుకొనువారు. మనుష్యుడు అంత సుళువుగా వంగునా యని యాశ్చర్యపడకుడు. నొప్పిలో నున్నవాడు వాదింపడు.

అట్లని పన్ను తీసిన ప్రతివాడును తప్పు చేసెననుట న్యాయము కాదు. హాలండు దేశమున కైసర్ అను వైద్యుడు 1981లో, వెనుక దవడపండ్లు కొన్ని లేకున్నను మనుష్యుడు సుఖముగా నమలి బ్రదుకగలడని చూపెను. జపానువారు 1989లో మొదలిడిన యుద్యమపు గుఱి ఎనుబదవ యేట ఇరువది పండ్లు, ముప్పదిరెండు కాదు. స్వీడన్‌లో బ్రేనెమార్క్ 1965లో మనుష్యుని దవడలో తొలిసారి టైటానియపు మేకులు నాటి పండ్లు నిలిపినాడు. అదియొక వరము. అదియే నేడు క్రొత్త యాకర్షణమును తెచ్చినది: బాగుచేయదగిన పన్నును పీకి మేకు నాటించుకొను ధనికుడు కూడ కలడు. రబ్బరు కట్టుడుపండ్లు వచ్చిననాడు ఇంగ్లండులో జరిగినది, ఎక్కువ ధరకు, మన బీచిరోడ్డు ప్రక్క జరుగుచున్నది.

ఆ ముసలమ్మ సంగతి చెప్పి ముగింతును. వైద్యురాలు పటకారు తీయలేదు. ఒక క్షణమాలోచించి యడిగినది.

"మామ్మా, వేట ఆపేసే రోజులొస్తున్నాయి కదా. అప్పుడు ఖాళీయే కదా, అప్పుడొస్తారా?"

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు, చేపలు పిల్లలు పెట్టు కాలమని, 61 దినములు మరపడవల వేట నిషేధము. చేపలరేవున పడవలు వరుసగా కట్టివేయబడి యుండును.

"అప్పుడు కాళీయే తల్లీ," అనినది ముసలమ్మ. "కడుపూ కాళీయే."

వేటకాలమున డబ్బున్నది, దినము లేదు. నిషేధకాలమున దినమున్నది, డబ్బు లేదు. ఇంత చదివిన నాకు ఈ లెక్క అంతవఱకు తట్టలేదు. వైద్యురాలికి తట్టినట్లున్నది. మత్తుసూది వేసి, ఆనాడే నరము తీసి, మందు పెట్టి మూసినది. నొప్పి పోవుననియు, మిగిలినది మే నెలలో చేయుదుననియు, అప్పటికిని పీకుమన్న పీకుదుననియు చెప్పి, సొమ్ము తీసికొనక పంపినది. ముసలమ్మ చెంప తడుముకొనుచు గంప యెత్తుకొని పోయినది.

తరువాత నా వంతు. ఎక్స్‌రేలో నా 1986 నాటి పన్ను నిలువునా పగిలియున్నది. క్యాపు లేని పన్ను అట్లే పగులునని, ఇక నిలుపుటకు వీలులేదని వైద్యురాలనినది. పెఱికించుకొంటిని.

మే నెల మూడవ వారమున గాయము చూపుకొనుటకు మరల పోతిని. ముసలమ్మ కుర్చీలో నున్నది. గుమ్మము బయట గంపలో ఎండుచేపలు. దారులు నింపుట ముగిసినది. వైద్యురాలు క్యాపు ధర చెప్పి, అది లేకున్న పన్ను పగులవచ్చునని, నన్ను చూపి, ఈ తాతగారి కట్లే జరిగినదనినది. ముసలమ్మ నా వంక చూచి, నోరు తెఱపించి నా ఖాళీని తేఱిపాఱ చూచి, నవ్వినది.

"పగిలితే అప్పుడు పీకుదువులే తల్లీ. ఇయ్యాల నములుతుంది గదా."

కొంగుముడి విప్పి యున్నది లెక్కపెట్టి యిచ్చి, మిగిలినది పడవలు కదలిన పిమ్మట ఇత్తుననినది. గంప తలకెత్తుటకు నేనొక చేయి వేసితిని.